బాపయ్య తోటలో రెండో కాయ

వినుకొండలో ఎర్రబస్సు ఎక్కి మిట్టగరప పొలిమేర దాటారంటే చాలు, కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి తుమ్ముతాడు. డ్రైవరు మాత్రం తుమ్మడు. ఆ దారికి ముక్కు పనిచెయ్యని డ్రైవర్నే ఏరి వేస్తారని ఊళ్లో చెప్పుకుంటారు. మాఘం నుంచి చైత్రం దాకా ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయ ఎర్రతివాచీ పరిచినట్టు ఎండుతూ ఉంటుంది. కాకులు ఊరి మీదుగా ఎగరవు, చుట్టు తిరిగి పోతాయి. ఆ ఊరి పెళ్లికూతురికి అప్పగింతల్లో ఏడుపు రాకపోయినా చింత లేదు, అరచేత్తో కళ్లు తుడుచుకుంటే సాయంత్రం దాకా నీళ్లు ఆగవు. ఒకసారి దొంగ ఒకడు ఆదెయ్య ఇంట్లో దూరి, చెమట పట్టి, చేతికందిన తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడట. తెల్లారి తనే పోలీసు స్టేషనుకు నడిచిపోయి, ముందు కాసిని చల్లనీళ్లు పొయ్యమని, తర్వాత కావాలంటే కొట్టమని బతిమాలాడట.

ఇవన్నీ అబద్ధాలైతే అయి ఉండొచ్చు. బాపయ్య కథ మాత్రం నిజం. ఇంత తెలివితక్కువ పని కల్పించడం ఎవరి తరమూ కాదు.

బాపయ్యది నాలుగెకరాల సేద్యం. మూడెకరాలు నల్లరేగడి. అందులో ఒక ఏడు మిరప, ఒక ఏడు పత్తి, ఊళ్లో అందరూ ఏది వేస్తే అది. మిగిలిన ఎకరం చెక్క ఎర్ర గరపనేల. గడ్డపార వేస్తే ఠంగుమంటుంది. అందులో తుమ్మచెట్టు తప్ప ఏదీ మొలవదు, తుమ్మచెట్టు కూడా ఏదో మొహమాటానికి మొలుస్తుంది. బాపయ్య మనిషి కూడా ఆ చెక్క లాంటివాడే. గట్టిగా నాలుగు మాటలు మాట్లాడితే ఆ రోజు పండగ. అయితే ఒక్కసారి ఏదన్నా తలకెక్కిందా, దాన్ని దింపడానికి భూతవైద్యుణ్ణి పిలవాల్సిందే.

ఆయన తలకు బత్తాయి ఎక్కింది ఒంగోలు ఆసుపత్రిలో. డెబ్భై తొమ్మిదిలో పచ్చకామెర్లు చేసి అక్కడ పదహారు రోజులు పడుకున్నాడు. మన వైపు బత్తాయి అంటే పండు కాదు, పరామర్శ. ఒకడి చేతిసంచిలో నాలుగు బత్తాయిలు కనిపిస్తే "ఎవరికి బాగాలేదు?" అంటారు తప్ప, తినడానికి కొన్నాడేమో అన్న అనుమానం ఎవరికీ రాదు. చూడవచ్చిన ప్రతివాడూ నాలుగేసి తెచ్చాడు. బాపయ్య మంచం కింద బత్తాయిలు గుట్ట పడ్డాయి. పుట్టి ముప్ఫై ఆరేళ్లు గొడ్డుకారం తప్ప ఎరగని నాలుక మీద ఆ రసం పడేసరికి, ఆయనకు కామెర్ల మీద గౌరవం కలిగింది. పదహారోనాడు డాక్టరు "ఇక ఇంటికెళ్లొచ్చు" అంటే, "ఇంకో నాలుగు రోజులు ఉంచి చూడండయ్యా, లోపల ఎక్కడో కాస్త మిగిలిందేమో" అన్నాడట.

ఇంటికొచ్చాడు, మరుసటేడు తొలకరికి కోడూరు పోయి ఇరవై రెండు బత్తాయి అంటుమొక్కలు తెచ్చి గరపచెక్కలో నాటాడు.

ఊరు చూడవచ్చింది. చావుకు వచ్చినట్టే వచ్చింది, మాటల్లో మాత్రం పెళ్లికొచ్చిన హుషారు.

"ఏం బాపయ్యా, ఊరందరికీ జబ్బు చెయ్యాలని మొక్కుకున్నావా?"

"చెట్లతోపాటు నాలుగు మంచాలు కూడా వెయ్యి. పడుకునే తింటాం."

ఆయన భార్య హనుమాయమ్మ వీళ్లందరికంటే రెండాకులు ఎక్కువ చదివింది. తోటకు ఆమే పేరు పెట్టింది, ఆసుపత్రి అని. గుమ్మంలోకి ఎవరన్నా వచ్చి "మీ ఆయన ఏడమ్మా?" అంటే "ఆసుపత్రికి పోయాడు" అనేది. కొత్తవాళ్లు గుండెలు పట్టుకునేవాళ్లు. పాతవాళ్లు "ఎన్ని కడవలు పోశాడు?" అని అడిగేవాళ్లు.

ఎన్ని కడవలో లెక్క ఎవరు పెట్టారు గానీ, ఐదేళ్లు కావడితో బావి నీళ్లు మోశాడు. మేకలు మొక్కలు కొరికితే తుమ్మకంప నరికి చుట్టూ కంచె వేశాడు. ఆరో ఏడు శ్రావణంలో ఉన్నట్టుండి నీళ్లు ఆపేశాడు. బత్తాయి చెట్టును నెల్లాళ్లు బెట్టకు ఉంచాలి, ఆకు వాడి, ప్రాణం మీదికొచ్చాక నీళ్లు పెడితే అప్పుడు పూత విరగబడుతుంది. ఈ మర్మం మిరప ఊరివాళ్లకు తెలియదు. మిరప మొక్క ఆకు ముడిస్తే చాలు, మన్ను మిన్ను ఏకం చేసే జాతి. హనుమాయమ్మ అటు పోతూ వాడిన చెట్లను చూసింది. ఆసుపత్రి అని తిట్టేది ఆమే, రెండు కడవలు ఎత్తుకొచ్చి మొగుడు చూడకుండా వారం రోజులు పోసింది కూడా ఆమే. చెట్లు పచ్చగా కళకళలాడాయి. పూత మాత్రం లేదు. ఆ ఏడంతా బాపయ్య చెట్ల కింద కూచుని తన తప్పేమిటో వెతుక్కున్నాడు. ఆమె చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి, అనుకుంది.

ఎనభై ఆరులో మళ్లీ బెట్టకు పెట్టాడు. ఈసారి ఆమె అటు పోలేదు. ఆశ్వయుజానికి పూత దిగింది. చెట్టుకు ముప్ఫై నలభై పిందెలు నిలిచాయి.

సరిగ్గా అప్పుడే ఆదెయ్యకు బోరు పడింది.

ఆదెయ్య హనుమాయమ్మకు అన్న. ఆయన పొలం గరపచెక్కను ఆనుకునే ఉంటుంది. మిరపకాయను చేతిలో పట్టుకుని దాని తాత ఏ గట్టున పండాడో చెప్పగలనంటాడు. తాతను చూసినవాడు ఎవడూ లేడు కాబట్టి కాదనేవాడూ లేడు. బోరులో రెండంగుళాల నీళ్లు పడ్డ రోజే ఆయన చెల్లెలి ఇంటికొచ్చి అరుగు మీద కూచున్నాడు.

"బావా, నీ చెక్కకు కూడా నా నీళ్లు ఇస్తా. పైన చెరువుమట్టి తోలిస్తే గరపలోనూ మిరప పండుద్ది. ఆ రోగిష్టి చెట్లు కొట్టెయ్."

"కాయ పట్టింది బావా," అన్నాడు బాపయ్య.

"పట్టింది సరే. ఎవడు తింటాడు? ఊళ్లో జ్వరాలొచ్చేదాకా కాచుక్కూచుంటావా?"

"తియ్యగా ఉంటే తింటారు."

"మన గరపలో తీపి పండుద్దా? చెరకు నాటితే చింతకాయ పులుపొచ్చే నేల అది."

హనుమాయమ్మ గడపలో నిలబడి విన్నది. అన్న మాటే న్యాయమంది. చివరికి ఆదెయ్యే పందెం కట్టాడు, వీధి వీధంతా వినేట్టు. మొదటి కాపు దిగిన రోజున ఊళ్లో జబ్బు లేని మనిషి, ఆడో మగో, ఒక్కరంటే ఒక్కరు తమంతట తాముగా "రెండో కాయ ఇవ్వు" అని అడిగితే చెట్లు ఉంటాయి. అడక్కపోతే గొడ్డలి. బాపయ్య సరేనన్నాడు. ఆయన సరేనంటే సరే. ఆ రెండక్షరాలకు ఊళ్లో రిజిస్ట్రారు ఆఫీసు కంటే ఎక్కువ విలువ.

ఉగాది వెళ్లిన రెండోవారం కాయ రంగు తిరిగింది. కల్లంలో మిరపకాయ ఆఖరి ఏరుడు నడుస్తోంది. ఊరిని ఆనుకున్న పాలెం నుంచి వచ్చిన నలభై మంది కూలీలు గుట్ట చుట్టూ కూచుని తొడిమలు తీస్తూ, తాలుకాయ ఏరుతున్నారు. వాళ్ల మేస్త్రి కొండమ్మ. ఆమె నోట్లోంచి మాట వచ్చిందంటే కందిరీగ కూడా దారి ఇస్తుంది. ఆదివారం ఏసు గుడిలో ఎంత భక్తిగా పాడుతుందో, సోమవారం కల్లంలో అంత శ్రద్ధగా రైతుల తాట తీస్తుంది. బాపయ్య కూడా పొద్దున్నుంచి వాళ్లతోపాటే కూచుని కాయ తిరగేసి, మధ్యాహ్నం లేచి తోటకు పోయి గంపెడు బత్తాయిలు తెచ్చాడు. తొలికాపు రైతు ఒంటరిగా తినకూడదని ఆయన పట్టు. అందుకే అప్పటిదాకా ఒక్క తొన కూడా నోట పెట్టలేదు.

గంప దించి తలకొకటి పంచాడు. ఆదెయ్యకూ ఇచ్చాడు. తనూ ఒకటి తీసుకున్నాడు. నలభై మంది గోళ్లు దిగేసి ఒలిచారు. బత్తాయి తొక్క కమలాపండు తొక్కలాంటిది కాదు. కండను కరుచుకుని ఉంటుంది, గోటితో పెకలించాలి. రసం వేళ్ల మీదికి కారింది. వేళ్ల మీది రసం మళ్లీ తొనల మీదికి కారింది. అందరూ ఒకేసారి నోట్లో వేసుకున్నారు.

ముందు ఒకామె "స్స్" అంది. పక్కామె "స్స్" అంది. క్షణంలో కల్లమంతా త్రాచుపాముల పుట్ట అయింది.

"ఇదేంటయ్యా," అన్నాడు ఆదెయ్య, కళ్లు తుడుచుకుని, తుడుచుకున్నందుకు ఇంకా ఏడుస్తూ, "కారంగా ఉంది."

కారమే. బాపయ్య నోట్లోనూ కారమే. పెదవులు మండుతున్నాయి, నాలుక కొస మండుతోంది.

చదివేవాళ్లకు ఈపాటికి సంగతి అర్థమై నవ్వుతూ ఉంటారు. నవ్వండి. మీ ఊళ్లో తినబోయే ముందు చేతులు కడుక్కుంటారు కాబోలు. మిట్టగరపలో తిన్నాక కడుక్కుంటారు. ముందు కడిగినా కడక్కపోయినా గొడ్డుకారం కలిపిన అన్నానికి పోయేదేముంది, వచ్చేదేముంది? చేతికంటిన కారం వాళ్లకు చర్మం కింద లెక్క. ఒంటికి చర్మం ఉందని ఎవడన్నా అస్తమానం గుర్తుపెట్టుకుంటాడా?

అందుకని ఊరు తనకు తెలిసిన శాస్త్రం ఉపయోగించింది.

"పక్కనే నా మిరపచేను," అన్నాడు ఆదెయ్య. "ఆరేళ్లు వేళ్లు ఊరుకుంటాయా? లాగేసి ఉంటాయి."

"నేల గుణం బాబూ. బిడ్డకు పాలు ఎట్టాగో, కాయకు మన్ను అట్టాగ," అన్నాడొక ముసలాయన.

"కామెర్లతో మొదలైన తోట, కడుపుమంటతో ఆగింది," అని ఇంకెవరో అన్నారు.

కొండమ్మ మాత్రం తన కాయ మొత్తం తినేసి, గింజలు పక్కన ఊసి, మళ్లీ తొడిమలు తియ్యడంలో పడింది. అందరూ థూ థూ అంటున్న ఆ గొడవలో ఆ సంగతి ఎవరూ చూడలేదు. బాపయ్య అంతకన్నా చూడలేదు. ఆయన చేతిలో మిగిలిన తొనల వైపే చూస్తున్నాడు, ఆరేళ్లు పెంచిన కొడుకు మొట్టమొదటి మాటగా బూతు మాట్లాడినట్టు.

రెండో కాయ ఎవరూ అడగలేదు. "సోమారం పొద్దున్నే ఇద్దరు మనుషుల్ని గొడ్డళ్లతో పంపిస్తా బావా," అన్నాడు ఆదెయ్య. మాట మెత్తగానే అన్నాడు. గెలిచినవాడికి మెత్తగా మాట్లాడ్డానికి ఖర్చేముంది?

శనివారానికి కబురు వినుకొండ చేరింది, ఆదివారానికి పిడుగురాళ్ల దాటింది. మిట్టగరపలో కారం బత్తాయి కాసిందట, ఒక్క కాయ పిండితే ఏడు కుండల పచ్చడట, ఒక రోగికి రసం పోస్తే మంచం మీంచి లేచి నీళ్లకోసం పరిగెత్తి అలాగే బాగైపోయాడట. ఈ చివరిది విన్నప్పుడు హనుమాయమ్మ కూడా నవ్వింది. నవ్వి, బాపయ్య అన్నం ముందు అలాగే కూచుని ఉండటం చూసి ఊరుకుంది.

ఆదివారం మధ్యాహ్నం గుడి వదిలాక దేవకుమారి టీచరు తోటకు వచ్చింది. మిషను బళ్లో ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా ఆమే. వాళ్లమ్మకు నాలుగు రోజులుగా జ్వరం.

"నాలుగు కాయలు కావాలండీ బాపయ్యగారూ."

"ఇవి పనికిరావు టీచరమ్మగారూ. కారం. వినలేదా?"

"విన్నాను. మా అమ్మ నోరు చప్పబడిపోయింది. కారమైతే మరీ మంచిది."

చెప్పేది లేక ఆయన కాయ కోసిచ్చాడు. ఆమె సంచిలోంచి పెన్సిళ్లు చెక్కే చాకు తీసి, కాయను నాలుగు చెక్కలు చేసి, ఒకటి కొరికింది. ఆయన ఆమె మొహం వైపు చూడలేక చెట్టు వైపు తిరిగాడు.

"తియ్యగా ఉందండీ," అంది ఆమె.

టీచర్లు అబద్ధం కూడా ఒత్తులు తప్పకుండా చెబుతారు, అనుకున్నాడు బాపయ్య. జాలిపడిందన్నమాట. ఆమె ఇంకో చెక్క ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తొక్క విప్పి, తొన చేత్తో వలిచి నోట్లో వేసుకున్నాడు. మంట.

"కారమేనండీ."

"నాకు తియ్యగానే ఉంది. ఒకే కాయ కదా."

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. అప్పుడు దేవకుమారి పదకొండేళ్లుగా ప్రతి ఉదయం ప్రార్థనవేళ చేసే పనే చేసింది.

"ఏవీ, చేతులు చాచండి," అంది.

నలభై నాలుగేళ్ల బాపయ్య రెండు చేతులూ చాచాడు. గోళ్ల సందుల్లో ఎర్రగా, అరచేతి గీతల్లో ఎర్రగా, జాతకమంతా ఎర్రగా ఉంది.

"పొద్దున్నుంచి ఏం చేశారు?"

"కల్లంలో కాయ తిరగేశా."

"మొన్న కల్లంలో పంచినప్పుడు వాళ్లు?"

బాపయ్య నేరుగా ఇంటికి నడిచాడు. ఏమీ అడగొద్దని హనుమాయమ్మకు సైగ చేసి, చేతులకు ఆముదం పట్టించి, కుంకుడురసంతో రుద్దుకుని, మళ్లీ ఆముదం, మళ్లీ కుంకుడురసం. గీతలు తెల్లబడేదాకా తోమాడు. తోటకు తిరిగొచ్చి, టీచరు కోసిచ్చిన చెక్క అందుకున్నాడు.

తిన్నాక ఆయన పాదులో కూచున్నాడు. ఒంగోలులో తిన్నదానికంటే తియ్యగా ఉంది. కామెర్లు లేకుండానే.

ఆ సాయంత్రం ఆయన కొండమ్మ గుడిసె ముందుకు పోయి నిలబడ్డాడు. పాలెంలో రైతు వచ్చి నిలబడితే కూలికి పిలవడానికని అర్థం. ఈయన వచ్చిన పని వేరు.

"కొండమ్మా, రేపు పొద్దున మీ ముఠా అంతా ఒకసారి తోటకు రావాలి."

"వస్తాంలెండి. చెట్లు కొట్టాక పుల్లలన్నా దొరుకుతాయి."

"పుల్లలకు కాదు. కాయ తినడానికి. కాకపోతే ముందు చేతులు కడుక్కోవాలి."

కొండమ్మ చీపురు కింద పెట్టింది. అది మంచి శకునం కాదు.

"మా చేతులకేమొచ్చింది బాపయ్యగారూ?"

"ఏమీ రాలేదు. వాటికున్న..."

"పాతికేళ్ల నుంచి మీ చేలో కాయ కోసిన చేతులివి. అప్పుడు కడుక్కురమ్మని కబురు పెట్టలేదే. మీ కాయ కారమైతే ఆ తప్పు మా చేతులదయిందా? ఇంకా నయం, మా నోళ్లు కూడా కడగమనలేదు."

"నా చేతులూ అంతేనమ్మా. నేను కడుక్కున్నా."

"అయితే ఊరి తరఫున మీరే తినండి," అంది కొండమ్మ.

ఇంటికొచ్చి బాపయ్య ఆ మాట భార్యకు చెప్పాడు. హనుమాయమ్మ చాలాసేపు నవ్వింది. "పాలేనికి పోయి చేతులు కడుక్కోమన్నావా? నిన్ను ప్రాణాలతో పంపిందంటే ఆ కొండమ్మ నిజంగా దేవుణ్ణి నమ్మిన మనిషే," అంది. ఆ తర్వాత ఆమె ఆముదం సీసా, కుంకుడుకాయల మూట తీసి గుమ్మం పక్కన పెట్టింది.

సోమవారం పొద్దున ఊరంతా తోటకు వచ్చింది. చెట్టు నాటేటప్పుడు రాని మనిషి కూడా కొట్టేటప్పుడు వస్తాడు, అది లోకరీతి. ఆదెయ్య ఇద్దరు మనుషులతో వచ్చాడు. గొడ్డళ్లు ముందురోజే నూరించినట్టున్నారు, తళతళలాడుతున్నాయి. కంచె దగ్గర బాపయ్య పెద్ద గాబు నిండా నీళ్లు పెట్టి, చెంబు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి బావా ఇది? పెళ్లివారమా?" అన్నాడు ఆదెయ్య.

"అనుకో. ఇంకొక్కసారి తిని, అప్పుడు కొట్టు. చేతులు పట్టు."

వచ్చినవాళ్లకు వచ్చినట్టు ఆముదం చుక్కలు వేసి, రుద్దుకోమని, కుంకుడునురుగు పోసి, బాపయ్య తన చేత్తో నీళ్లు పోశాడు. రైతు, కూలి, ఆడ, మగ తేడా లేదు. ఒంగి, వరసగా, కొత్త అల్లుళ్లకు పోసినట్టు పోశాడు. మిట్టగరపలో చాలామందికి తమ అరచేతి అసలు రంగు ఆ రోజే తెలిసింది. ఒకాయన తన చెయ్యి పక్కాయనదేమోనని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

కొండమ్మ వంతు వచ్చింది. చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడింది.

"నేను కడగను."

"కొండమ్మా," అన్నాడు బాపయ్య.

"నేను బడిపిల్లను కాను. ఇస్తే ఇయ్యండి, లేకపోతే లేదు."

ఆయన ఇచ్చాడు. ఒక్క మనిషి వల్ల ఇప్పుడు పోయేదేముందిలే అనుకున్నాడు.

కడిగిన చేతులతో కాయలు ఒలిచారు. తిన్నారు. ఈసారి పాములు బుసకొట్టలేదు. బాపయ్య ఒక్కొక్కరి దవడ కదలడం చూస్తూ నిలబడ్డాడు. ఆదెయ్య మొదట ఒక తొన, తర్వాత మూడు తొనలు కలిపి ఒకేసారి నోట్లో పెట్టుకున్నాడు.

"తియ్యగానే ఉంది బావా. అబద్ధమెందుకు చెప్పాలి?"

"తియ్యగా ఉంది," అన్నారు జనం. "పంచదార పానకం లాగుంది." "మన గరపలోనే?" "మరి మొన్న ఎందుకట్టా?" "చేతుల్రా, చేతులు." నవ్వులు. ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు.

నవ్వులయ్యాయి. కాయలయ్యాయి. తొక్కలు గట్టున పడ్డాయి. అందరూ మూతులు తుడుచుకుని నిలబడ్డారు.

ఎవరూ ఏమీ అడగలేదు.

బాపయ్య గంప పట్టుకుని ఒకసారి వరస చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కు నడిచాడు. పందెం ప్రకారం ఆయన నోరు విప్పి తీసుకోమనకూడదు. గంప మాత్రం కాస్త వాళ్ల ముక్కుల ఎత్తున పట్టుకున్నాడు.

"బాగుంది బాపయ్యా," అన్నాడు ముసలాయన, ఆ గంపను మర్యాదగా పక్కకు జరుపుతూ. "ఒళ్లు వెచ్చబడితే కబురు చేస్తా, ఒకటి పంపించు."

"ఏందో, కాస్త చప్పగా లేదూ?" అంది వెనకనుంచి ఒకామె. నలుగురు తలలూపారు. మొహమాటానికి మెల్లగా ఊపారు.

ఆదెయ్య బాపయ్య దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నీ కాయలో లోపం లేదు బావా. మా నోళ్లలో ఉంది. ఏం చేస్తాం, నోళ్లు నరకలేం కదా, చెట్లే నరకాలి." అని మనుషులకు సైగ చేశాడు. వాళ్లు మొదటి చెట్టు దగ్గరకు పోయి పంచెలు ఎగగట్టుకున్నారు. బాపయ్య గంప దించలేదు. దించితే ఆట అయిపోయినట్టని ఆయన లెక్క.

"బాపయ్యగారూ, ఇంకోటి ఇటు వెయ్యండి."

కొండమ్మ. కళ్లలోంచి, ముక్కులోంచి ధారలు. పెదవులు దొండపండ్లయి ఉన్నాయి. "స్స్" అని గాలి లోపలికి లాగి, పైట చెంగుతో మొహం ఒత్తుకుంది.

గొడ్డలి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు.

"నీకు జ్వరమేమన్నా ఉందా కొండమ్మా?" అన్నాడు ఆదెయ్య.

"ఉంటే ఇంత కమ్మగా ఉండుద్దా? మొన్న కల్లంలోనే అడుగుదామనుకున్నా. అందరూ ఊసేస్తుంటే నాకెందుకని ఊరుకున్నా. తీపి, పులుపు, పైన ఆ మంట. నా జన్మలో ఇట్టాంటిది తినలేదు."

"అది బత్తాయి రుచి కాదే. నీ చేతి కారం."

"నా చెయ్యి నాదే కదా. మీ చెయ్యేమన్నా అరువు తెచ్చుకున్నానా?"

ఆదెయ్య బావ వైపు తిరిగాడు. న్యాయం కోసం. "నువ్వు చెప్పు బావా. ఆరేళ్లు చెట్టు పెంచింది ఈ కారానికేనా? ఇది నీ కాయ రుచేనా? నువ్వు ఔనంటే నేను మనుషుల్ని తీసుకుని పోతా."

బాపయ్య కొండమ్మ చేతుల వైపు చూశాడు. ఎర్రటి గోళ్లు. ఆ తీపి కోసం ఆయన మోసిన నీళ్లు కృష్ణలో కలిస్తే బ్యారేజీ గేట్లు ఎత్తాల్సి వచ్చేది. ఆ తీపి మీద కారం పూసుకుని లొట్టలు వేస్తున్న ఈ మనిషి ఒక్కతే ఇంత ఊళ్లో ఆయన కాయ అడిగింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. గొడ్డలి నీడ చెట్టు మొదట పడి ఉంది.

"నా కాయే," అన్నాడు. గంపలో అన్నిటికంటే పెద్దది ఏరి కొండమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె గోరు దిగేసింది. రసం ఎర్రగా కారింది. అందరూ చూస్తున్నారు. ఆమె ఒక్కో తొన వేసుకోవడం, "స్స్" అనడం, తల విదిలించడం, మళ్లీ ఒకటి వేసుకోవడం. జనం నోళ్లలో నీళ్లూరాయి. వాళ్లు తమ చేతులు చూసుకున్నారు. తెల్లగా, శుభ్రంగా, దేనికీ పనికిరాకుండా ఉన్నాయి.

ముందు ఎవరు కదిలారో తెలియదు. నలుగురు కల్లం వైపు నడిచారు, పదిమంది వెనక నడిచారు, చూస్తుండగా అందరూ పరుగే. కుప్పలో మోచేతుల దాకా చేతులు ముంచి, రుద్దుకుని, చాచుకుని తిరిగొచ్చారు. బాపయ్య ఆముదం, కుంకుళ్లు, గాబు నీళ్లు, నడుంనొప్పి అన్నీ అలా పావుగంటలో మట్టిలో కలిశాయి. "ఇంకోటి బాపయ్యా." "నాకు బాపయ్యగారూ." "పెద్దది ఇయ్యి, నాది పుల్లగా ఉంది." గంప ఖాళీ అయింది, చెట్లు ఎక్కారు.

ఆదెయ్య కాసేపు గంభీరంగా నిలబడి, తర్వాత ఎవరూ చూడనట్టు పక్కవాడి అరచేతికి తన వేళ్లు రాసి ఒక తొన తిన్నాడు. వచ్చిన మనుషులు ఊరికే పోవడం ఎందుకని కంచె పక్కన రెండు తుమ్మమొద్దులు కొట్టించుకుని వెళ్లిపోయాడు.

ఆ వేసవి నుంచి మిట్టగరపలో బత్తాయి అలాగే తింటున్నారు. చుట్టాలొస్తే ఇంట్లోంచి కారపు చెయ్యి ఉన్నవాళ్లను పిలిచి ఒలిపిస్తారు. చుట్టాలు కళ్లనీళ్లతో, ఎంతో ఆప్యాయంగా, మళ్లీ రామని చెప్పి పోతారు. తన కాయ అసలు తియ్యగా ఉంటుందని బాపయ్య చెబితే "ఉంటుందిలే" అంటారు, ముసలివాడు చిన్నప్పటి కుస్తీల గురించి చెప్పినప్పుడు అన్నట్టు.

ఆ సోమవారం సాయంత్రం, జనం పోయాక, బాపయ్య గాబు అడుగున మిగిలిన నీళ్లతో చేతులు మళ్లీ కడుక్కున్నాడు. మూడుసార్లు. కొమ్మ చివర ఎవరి చేతికీ అందని కాయ ఒకటి కోసుకుని పాదులో కూచున్నాడు. హనుమాయమ్మ ఖాళీ గంప తీసుకుపోవడానికి వచ్చింది. ఆయన సగం ఒలిచి ఆమె ముందు పెట్టాడు. ఆమె తన చేతులు చూసుకుంది, గాబు చూసింది, నీళ్లు లేవు. ఇక చేసేదిలేక కూచుని నోరు తెరిచింది. ఆయన అటూ ఇటూ చూసి, తొన పెట్టాడు. ఆమె నమిలింది. ఇంకోటి నమిలింది. ఆయన ఎలా ఉందని అడగలేదు. ఆ పూట అడగడానికి కూడా ఓపిక లేదు.

"అదుగో, ఆ మూల చెట్టుకు ఆకు పసుపు తిరిగింది," అంది హనుమాయమ్మ, గింజ ఊసి. "దానికి కాస్త పేడ వెయ్యాలేమో, ఏం?"